గ్రంథాలయంలో చరిత్ర పత్రికలు

కల్వకుర్తి ప్రాంతంలో పొలం గట్టు తగాదా వచ్చినప్పుడు పెద్దమనుషులు ముందుగా అడిగే మాట ఒకటే: "ఖాస్రా పహాణీలో ఏమున్నది?" 1954–55లో రాసిన ఆ పహాణీలో ఎవరి పేరున్నది, ఎవరు సాగు చేస్తున్నట్లు రాశారు, తరువాత ఏ సంవత్సరంలో ఎట్లా మారింది అని వరుసగా చూస్తారు. ఎంత పెద్ద గొంతు ఉన్నవాడైనా కాగితం చూడక తప్పదు. కాగితంలో తప్పు ఉన్నదని తోస్తే, దానికంటె పాత కాగితం తెచ్చి చూపవలసిందే.

భూమి విషయంలో ఇంత జాగ్రత్త పడే మనం, చరిత్ర విషయంలో ఏ కాగితమూ అడగము. ఫలానా నవాబు ఫలానా పని చేశాడని ఒకరంటారు, చేయలేదని మరొకరంటారు. చాయ్ హోటలు బల్ల దగ్గర మొదలైన మాట ఇంటిదాకా వస్తుంది. ఈ రోజులలో అయితే చేతిలోని ఫోనులోకి కూడా వస్తుంది. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, వారికెట్లా తెలిసింది అన్న మూడు ప్రశ్నలు మాత్రం ఎవరూ వేయరు. ఒకరు మన పూర్వులను నిందించినప్పుడు మనకు కోపం వస్తుంది; ఒకరు పొగిడినప్పుడు సంతోషం కలుగుతుంది. రెండు సందర్భాలలోను రుజువు మన చేతిలో ఉండదు.

చరిత్రకు కూడ పహాణీ వంటివి ఉన్నవి. అవి శాసనాలు, ఫర్మానాలు, దఫ్తరు కాగితాలు, సమకాలికుల రచనలు. వాటిని వెదకి, చదివి, పరీక్షించి, నలుగురి ముందు పెట్టే స్థలం చరిత్ర పత్రిక. అటువంటి పత్రికను డబ్బు లేనివాడు కూడ కూర్చుండి చదువుకొనగలిగిన స్థలం పౌర గ్రంథాలయం. ఈ రెండింటితో తెలుగు చదివే ముస్లిములకు గల సంబంధాన్ని గురించి ఈ వ్యాసంలో విచారిద్దాము.

వార్తను విచారించడం మన విద్య

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా 6వ ఆయత్ భావం పాఠకులకు విదితమే. నమ్మదగని మనిషి వార్త తెచ్చినప్పుడు దానిని విచారించకుండా ఎవరిమీదా చర్య తీసుకొనరాదని, తెలియక ఒక జనసమూహానికి హాని చేసి తరువాత పశ్చాత్తాపపడే స్థితి తెచ్చుకొనరాదని అందులో హెచ్చరిక ఉన్నది. ఈ ఆజ్ఞను మన ఉలమాలు ఒక శాస్త్రంగా పెంచారు. దైవప్రవక్త (స) వారి హదీసును చెప్పినవాడు ఎవరి నుండి విన్నాడు, ఆ వ్యక్తి ఎవరి నుండి విన్నాడు, వారిద్దరు ఒక కాలంలో జీవించారా, కలుసుకొన్నారా, జ్ఞాపకశక్తి ఎట్టిది, నడవడి ఎట్టిది అని పరిశీలించారు. ఆ గొలుసుకే ఇస్నాద్ అని పేరు. ఆ పరిశీలన కోసం వేలకొలది మనుషుల జీవిత వివరాలను గ్రంథస్థం చేశారు.

ఈ విద్యకు మూలమైన గ్రంథాలు కొన్ని అచ్చయినది మన హైదరాబాదులోనే. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఇమాం బుఖారీ రచించిన 'అత్తారీఖుల్ కబీర్', ఇబ్న్ అబీ హాతిం రచించిన 'అల్ జర్హ్ వత్తాదీల్', ఇమాం జహబీ రచించిన 'తజ్‌కిరతుల్ హుఫ్ఫాజ్' మొదలైన వాటిని ప్రకటించింది. అరబ్బు దేశాల పండితులు సైతం ఈ హైదరాబాదు ప్రతులను ఆధారంగా చేసుకొన్నారు. హైదరాబాదుకు రెండు మూడు గంటల ప్రయాణ దూరంలో ఉన్న మనకు ఈ సంగతి తెలియకపోవడం విచారకరం.

హదీసుకు పట్టిన ఈ గీటురాయిని చరిత్రకు కూడ పట్టవలెనని గట్టిగా చెప్పినవాడు ఇబ్న్ ఖల్దూన్ (1332–1406). ఒక సైన్యంలో ఆరు లక్షల మంది ఉన్నారని చరిత్రకారులు రాస్తే, అంతమంది నిలుచుటకు ఆ దేశంలో చోటున్నదా, వారికి తిండి ఎక్కడిది, ఒక కొనవాడి సంగతి రెండవ కొనవాడికి ఎట్లా తెలుస్తుంది అని ఆయన ప్రశ్నించాడు. చెప్పినవాడు మంచివాడైనంత మాత్రాన చాలదు. చెప్పిన మాట లోకస్వభావానికి సరిపోవలెనన్నది ఆయన వాదం. 1377లో పూర్తి చేసిన 'ముఖద్దిమా'లోని ఈ పద్ధతి నేటి చరిత్ర పత్రికలు అనుసరించే పద్ధతికి ఎంతో దగ్గరిది.

చరిత్ర పత్రిక అంటే ఏది?

రాజుల కథలు, కోటల బొమ్మలు అచ్చువేసిన ప్రతిదీ చరిత్ర పత్రిక కాదు. చరిత్ర పత్రికలోని వ్యాసానికి మూడు లక్షణాలుంటవి. మొదటిది, రచయిత తన ప్రతి మాటకు ఆధారం చూపుతాడు. ఏ శాసనం, ఏ గ్రంథం, ఎన్నవ పుట అన్నది కింద రాస్తాడు. రెండవది, తనకు వ్యతిరేకమైన ఆధారాన్ని దాచడు. మూడవది, ఆ వ్యాసాన్ని ఖండించే వారికి అదే పత్రికలో తరువాతి సంచికలో చోటు దొరుకుతుంది. అందువలన చరిత్ర పత్రికను ఒక్క సంచిక చదివి వదలిపెట్టడం, తగాదాలో ఒక పక్షం మాట మాత్రమే విని లేచిపోవడం వంటిది. వరుస సంచికలు ఒకచోట దొరకవలెను. ఇంటింటా అది సాధ్యం కాదు, గ్రంథాలయంలోనే సాధ్యం.

పుస్తకం అచ్చయిన తరువాత అందులోని తప్పు ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది. పత్రికలోని తప్పును మూడు నెలలకు మరొకరు దిద్దవచ్చు. పత్రికకు ఉన్న ఈ గుణమే దాని విలువ.

ఇస్కందరియా గ్రంథాలయం కథ

దీనికొక ఉదాహరణ చూద్దాము. హజ్రత్ ఉమర్ (రజి) ఆజ్ఞమీద ఇస్కందరియా నగరంలోని గొప్ప గ్రంథాలయాన్ని తగులబెట్టారని, ఆ పుస్తకాలు ఆరు నెలల పాటు హమ్మాముల పొయ్యిలలో మండినవని ఒక కథ లోకమంతా ప్రచారంలో ఉండేది. పాఠ్య పుస్తకాలలోకి కూడ ఎక్కింది. మనవారు కొందరు ఈ మాట వినగానే కోపగించి, చెప్పినవారిని శత్రువులన్నారు. కోపం జవాబు కాదు.

అల్లామా షిబ్లీ నౌమానీ 1892లో ఈ విషయంపై ప్రత్యేకంగా ఒక రచన ప్రకటించాడు. ఆయన పట్టుకొన్న దారి ఇస్నాద్ దారి. ముస్లిములు ఇస్కందరియాను జయించినది 641–642లో. ఈ కథ మొట్టమొదట కనిపించేది 13వ శతాబ్దం ఆరంభంలోని రచనలలో. నడుమ సుమారు ఆరు వందల సంవత్సరాలు ఖాళీ. ఆ విజయకాలానికి దగ్గరివాడైన నికియూ బిషప్ యోహాను తన చరిత్రలో ఈ సంగతి చెప్పలేదు. 10వ శతాబ్దంలో ఇస్కందరియాకే క్రైస్తవ పెట్రియార్కుగా ఉన్న యుటీకియస్ ఆ విజయాన్ని వర్ణించి కూడ, గ్రంథాలయాన్ని తగులబెట్టినట్లు రాయలేదు. వీరిద్దరు ముస్లిములు కారు. ముస్లిముల తప్పును దాచవలసిన అవసరం వారికి లేదు. పైగా ఆ గ్రంథ భాండారానికి క్రీ.పూ. 48లో జూలియస్ సీజరు యుద్ధంలో అగ్నిప్రమాదం కలిగింది. అందులో ఒక శాఖ ఉండిన సెరాపియం ఆలయం క్రీ.శ. 391లో ధ్వంసమైంది. తగులబెట్టుటకు 642 నాటికి ఏమి మిగిలినదన్నదే ప్రశ్న.

ఆంగ్ల చరిత్రకారుడు గిబ్బన్ అంతకు ముందే ఈ కథను శంకించాడు. ఆల్‌ఫ్రెడ్ బట్లర్ 1902లో ఈజిప్టు విజయాన్ని గురించి రాసిన గ్రంథంలో దీనిని వివరంగా తోసిపుచ్చాడు. నేడు దీనిని నమ్మే చరిత్రకారులు అరుదు. ఒక అపనింద తొలగిపోయినది ఊరేగింపులవల్ల కాదు. కాగితాన్ని పక్కన కాగితం పెట్టి చూడడం వల్ల.

మన చుట్టూ వెలువడిన పత్రికలు

షిబ్లీ 1901 నుండి 1905 వరకు హైదరాబాదులో ఉద్యోగం చేశాడు. 1914 నవంబరులో ఆయన చనిపోయిన తరువాత, ఆయన సంకల్పించిన దారుల్ ముసన్నిఫీన్ సంస్థను శిష్యులు ఆజంగఢ్‌లో నెలకొల్పారు. అక్కడి నుండి మౌలానా సయ్యిద్ సులైమాన్ నద్వీ 1916 జూలైలో 'మఆరిఫ్' ఉర్దూ మాసపత్రికను ప్రారంభించాడు. 2016లో దానికి నూరేళ్ళు నిండినవి. భారత ముస్లిముల చరిత్ర, అరబ్బుల నౌకాయానం, గ్రంథాల పరిశోధన మొదలైన విషయాలపై అందులో వచ్చిన వ్యాసాల సంఖ్య అపారం.

హైదరాబాదులో 1927 జనవరిలో 'ఇస్లామిక్ కల్చర్' అనే ఆంగ్ల త్రైమాసికం వెలువడింది. దాని తొలి సంపాదకుడు ముహమ్మద్ మార్మడ్యూక్ పిక్తాల్. ఇతడే 1930లో ఖుర్ఆన్ ఆంగ్లానువాదాన్ని ప్రకటించినవాడు. ఆయన తరువాత ముహమ్మద్ అసద్ కొంతకాలం దానిని నడిపాడు. హైదరాబాదు బిడ్డ డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908–2002) పరిశోధనలకు అది వేదిక అయింది. ఐరోపా పండితులు, భారతీయ పండితులు, ముస్లిములు, ముస్లిమేతరులు ఒకే పత్రికలో రాసి ఒకరినొకరు సరిదిద్దుకొన్నారు. డాక్టర్ జోర్ 1931లో స్థాపించిన ఇదారె అదబియ్యాతె ఉర్దూ 1938 నుండి 'సబ్‌రస్' మాసపత్రికను ప్రకటించింది. దక్కనీ భాషా చరిత్రకు అది గని.

శాసనాల కోసం ప్రత్యేకంగా 'ఎపిగ్రాఫియా ఇండో మొస్లెమికా' అనే పత్రిక 1907–08 నుండి వచ్చింది. మసీదుల మీద, సమాధుల మీద, కోట తలుపుల మీద ఉన్న అరబ్బీ, ఫారసీ శాసనాల పాఠాన్ని, అనువాదాన్ని, ఫొటోను అది ప్రకటించేది. హైదరాబాదు పురావస్తు శాఖను నడిపిన గులాం యజ్దానీ చాలా సంవత్సరాలు దానికి సంపాదకుడు.

తెలుగువైపు చూస్తే, కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో ప్రారంభించిన 'భారతి' 1991 వరకు సాగింది. అది సాహిత్య పత్రిక అయినా, శాసనాలు, రాజవంశాలు, గ్రామచరిత్రల మీద దానిలో వచ్చినన్ని వ్యాసాలు మరే తెలుగు పత్రికలోను రాలేదనవచ్చు. రాజమండ్రిలో 1922లో ఏర్పడిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 1926 నుండి త్రైమాసికం నడిపింది. రాష్ట్ర ప్రాచ్య పత్ర భాండాగారం 1973లో 'ఇతిహాస్' పత్రికను ప్రారంభించింది. హైదరాబాదు తార్నాకలోని ఆ భాండాగారంలో షాజహాన్, ఔరంగజేబు కాలాల దక్కను కాగితాలు లక్షన్నరకు పైగా ఉన్నవి.

ఇక్కడ మన కష్టం స్పష్టమవుతుంది. మఆరిఫ్, సబ్‌రస్ ఉర్దూలో ఉన్నవి. ఇస్లామిక్ కల్చర్ ఆంగ్లంలో ఉన్నది. శాసనాలు ఫారసీలో ఉన్నవి. మన పిల్లలు తెలుగులో చదువుకొంటున్నారు. తాతగారు చందా కట్టి తెప్పించుకొన్న పత్రికను మనుమడు చదవలేడు. అదే విధంగా భారతి వంటి తెలుగు పత్రికలలో మన పూర్వులను గురించి ఏమి వచ్చినదో చూడవలెనన్న ఆలోచన మన ఇండ్లలో పుట్టలేదు. కాబట్టి ఉర్దూ చరిత్రకు, తెలుగు చరిత్రకు నడుమ మనం ఉండి, రెండింటికీ దూరమైనాము.

పాలమూరు నేల చెప్పే సాక్ష్యం

2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూల్ జిల్లా ఏర్పడేవరకు కల్వకుర్తి మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. ఆ జిల్లాకు పేరు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌ది. పాత పేరు పాలమూరు. ఈ నేలమీద రెండు భాషల విద్య కలిసిన ఉదాహరణలు ఎన్నో ఉన్నవి. పాత కల్వకుర్తి తాలూకాలోని పడకల్లు గ్రామంలో 1899లో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు తెలుగులోను, ఉర్దూ ఫారసీలలోను పండితుడు. 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయినాడు. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు వాసి సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) 1926 మే 10న 'గోలకొండ పత్రిక'ను స్థాపించాడు. 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైనాడు. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ బహుమానం పొందింది.

సురవరంవారి ఒక పని మనకు పాఠం కావలసినది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు రాశాడు. అది చాలా మందిని నొప్పించింది. సురవరంవారు తిట్లకు తిట్లు రాయలేదు. ఊరూరి నుండి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' ప్రకటించాడు. నింద అక్కడితో ముగిసింది. షిబ్లీ చేసిన పనికి, సురవరం చేసిన పనికి భేదమేమున్నది? ఒకరు ఉర్దూలో, ఒకరు తెలుగులో, పద్ధతి ఒక్కటే.

మహబూబ్‌నగర్ సమీపంలోని కోయిలకొండ దుర్గం వద్ద 1550 నాటి తెలుగు శాసనం ఒకటున్నది. ఇబ్రాహీం కుతుబ్ షా గోలకొండ సింహాసనానికి వచ్చే సమయంలో అక్కడి నాయక్వాడీలు అతని పక్షాన నిలుస్తామని చేసుకొన్న ప్రతిజ్ఞ అందులోని విషయం. తెలుగు కవులు మల్కిభరాముడని పిలిచిన సుల్తాను ఇతడే. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానము'ను ఇతనికే అంకితమిచ్చాడు. ఇతని ఉద్యోగి అమీన్‌ఖాను పొన్నగంటి తెలగన్న రచించిన తొలి అచ్చతెలుగు కావ్యం 'యయాతి చరిత్రము'ను అంకితం పొందాడు. ఆ కాలంలో అందరూ సుఖంగా ఉన్నారని దీనివల్ల రుజువు కాదు. కాని ముస్లిములకు తెలుగుతో సంబంధమే లేదనే మాట నిలువదని రుజువవుతుంది. శాసనం ఎంత చెప్పినదో అంతే తీసుకొనవలెను. దానికి మించి లాగరాదు.

త్రాసు మనకూ ఒక్కటే

ఈ పరిశీలన మనకు అనుకూలమైన చోట మాత్రమే చేస్తే అది న్యాయం కాదు. తమకు, తమ తల్లిదండ్రులకు వ్యతిరేకమైనా సాక్ష్యం సత్యంగా చెప్పవలెనని, ఒక జాతి మీది ద్వేషం న్యాయం తప్పుటకు కారణం కారాదని ఖుర్ఆన్ బోధ. మన దర్గాల గురించి, వంశవృక్షాల గురించి, నవాబుల ఔదార్యం గురించి ప్రచారంలో ఉన్న కథలలో ఆధారం లేనివి చాలా ఉన్నవి. భాగమతి పేరుమీద హైదరాబాదుకు భాగ్యనగరమనే పేరు వచ్చినదన్న కథనే తీసుకొనండి. ప్రొఫెసర్ హారూన్‌ఖాన్ షేర్వానీ దానికి తగిన ఆధారం లేదన్నాడు; నరేంద్ర లూథర్ వంటివారు ఆధారం ఉన్నదన్నారు. మనకు నచ్చిన పక్షం కాక, రెండు పక్షాల ఆధారాలు చదవడమే చరిత్ర చదవడం.

1948 సంగతి మరీ జాగ్రత్తగా చూడవలసినది. ఆ సంవత్సరం సెప్టెంబరులో పోలీసు చర్యకు ముందు రజాకార్ల చేతిలో బాధపడినవారున్నారు. ఆ చర్య తరువాత బాధపడిన ముస్లిం కుటుంబాలున్నవి. ఆ సంవత్సరం చివర పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ మొదలైనవారు జిల్లాలు తిరిగి రాసిన నివేదిక దశాబ్దాల పాటు జనానికి అందలేదు. 2013 ప్రాంతంలో అది పాఠకులకు దొరికినది కూడ ఢిల్లీలోని ఒక గ్రంథాలయంలోనే. మన పెద్దలు నోటితో చెప్పినదానిని మనం రాసిపెట్టుకొనలేదు. చూసినవారు చాలా వరకు వెళ్ళిపోయినారు. విన్నవారైనా మిగిలి ఉండగా, ఎవరు చూసి చెప్పారు, ఎవరు విని చెప్పారు అన్న భేదంతో రాసిపెట్టడం మన మీది బాధ్యత.

చదివే పద్ధతి

చరిత్ర వ్యాసాన్ని చేతికి తీసుకొన్నప్పుడు కొన్ని ప్రశ్నలు వేసుకొనవలెను. రచయిత ఆధారాన్ని స్వయంగా చూశాడా, మరొకరి పుస్తకం నుండి ఎత్తి రాశాడా? ఆ ఆధారం సంఘటనకు ఎంత దగ్గరి కాలానిది? దానిని రాసినవాడికి లాభమో భయమో ఉన్నదా? తరువాతి సంచికలలో ఎవరైనా ఖండించారా?

తేదీల విషయంలో మరింత జాగ్రత్త కావలెను. హిజ్రీ సంవత్సరం చాంద్రమానం. సుమారు 354 దినాలు. మన లెక్కలో 32 సంవత్సరాలకు హిజ్రీ 33 సంవత్సరాలు అవుతవి. చార్మినారు కాలమైన హిజ్రీ 1000 అంటే 1591–92. నిజాం కాలపు రెవెన్యూ కాగితాలలో ఉండేది ఫస్లీ. దానికి 590 కలిపితే ఇంచుమించు క్రీస్తు శకం వస్తుంది. ఫస్లీ 1357 అంటే 1947–48. ఫస్లీని హిజ్రీ అనుకొని లెక్క వేస్తే కాగితం సుమారు పదేళ్ళు వెనుకకు పోతుంది. మసీదు ఇనాం కాగితమో, ఇంటి దస్తావేజో చదివే వారికి కూడ ఈ లెక్క ఉపయోగకరం.

శాఖా గ్రంథాలయం మన సొత్తు

1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. ఆ డబ్బుతోనే జిల్లా గ్రంథాలయ సంస్థలు శాఖలను నడుపుతవి. అంటే ఇల్లు ఉన్న ప్రతివాడు గ్రంథాలయానికి చందాదారే. కల్వకుర్తి వంటి పట్టణాలలో గ్రంథాలయానికి వెళ్ళి చూస్తే దినపత్రికలు, వారపత్రికలు, పోటీ పరీక్షల మాసపత్రికలు బల్లల మీద కనబడతవి. గ్రూపు పరీక్షలకు చదివే యువకులు ఉదయం నుండి సాయంత్రం దాకా కూర్చుంటారు. వారు చరిత్రనే చదువుతున్నారు. కాని ఒక మార్కు ప్రశ్నగా చదువుతున్నారు. ఏ సంవత్సరం, ఎవరు, ఎక్కడ అన్నంతవరకే. ఆ సంగతి మనకెట్లా తెలిసింది అన్న ప్రశ్నకు పరీక్షలో మార్కు లేదు. అదే ప్రశ్నకు జవాబిచ్చేవి చరిత్ర పత్రికలు.

కనుక మనం చేయదగిన పనులు కొన్ని ఉన్నవి. మొదట సభ్యత్వం తీసుకొని, చరిత్ర పత్రికలు తెప్పించవలెనని గ్రంథపాలకునికి రాతమూలకంగా కోరవలెను. అడిగేవారు లేని పత్రికకు చందా కట్టుట ఏ గ్రంథాలయానికైనా కష్టం. రెండవది, మన ఇండ్లలోని అటకల మీద చెదలు పట్టుతున్న పాత ఉర్దూ పత్రికలను రద్దీవానికి తూకం వేయక, జాబితా రాసి గ్రంథాలయానికి ఇవ్వవలెను. మూడవది, ఉర్దూ తెలిసిన పెద్ద, తెలుగు చదివిన యువకుడు వారానికొకనాడు అసర్ నమాజు తరువాత కలిసి కూర్చుండి ఒక వ్యాసం చదవవలెను. పెద్ద చదివి చెప్పగా, యువకుడు దాని సారాంశాన్ని ఒక పుటలో తెలుగున రాయవలెను. సంవత్సరానికి యాభై వ్యాసాల సారాంశం తయారవుతుంది. ప్రెస్ అకాడమీ వారు భారతి మొదలైన పాత పత్రికలను ఇంటర్నెట్‌లో పెట్టారు. మఆరిఫ్ పాత సంచికలు కూడ అట్లాగే దొరుకుతవి. దూరం అనే సాకు ఇప్పుడు చెల్లదు.

ఖుర్ఆన్‌ను తొలిసారి తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు ముస్లిం కాదు. ఆంధ్ర భాషా చరిత్ర రాసిన పరిశోధకుడు. మన గ్రంథాన్ని తమ భాషలోకి తెచ్చుకొనుటకు ఒక పొరుగువాడు అంత శ్రమపడినాడు. మన చరిత్రను మన పిల్లల భాషలోకి తెచ్చుకొనుటకు మనం వారానికి ఒక సాయంత్రం ఇవ్వలేమా?

పొలం కాగితం పోగొట్టుకొన్నవాడు ఒక పొలమే పోగొట్టుకొంటాడు. చరిత్ర కాగితం పోగొట్టుకొన్నవారి సంగతి ఇతరులు చెప్పినట్లే అవుతుంది. సత్యాన్ని విచారించి తెలుసుకొనే ఓపికను, తెలుసుకొన్నది మనకు వ్యతిరేకమైనా ఒప్పుకొనే ధైర్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.